పెళ్ళికూతురి ఫొటో – కొన్ని మెలకువలు

కృష్ణ ఒడ్డున మన తోట్లవల్లూరు వైపు రాత్రి ముహూర్తాలు కొత్తేమీ కాదు. పందిట్లో వెలుగు తక్కువ, జనం ఎక్కువ. ఆ సందడిలో పెళ్ళికూతురి ముఖాన్ని పట్టుకోవడమెలా?

రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. బిడియం తీరందే ముఖం విప్పారదు. కనుక ముందురోజే పెళ్ళివారింటికి వెళ్ళి నాలుగు మాటలు కలపాలి.

ఫ్లాషు సూటిగా కొడితే జరీ, నగలు మెరిసి ముఖం వెలవెలబోతుంది. తెల్లగుడ్డ మీదికి తిప్పి కొడితే వెలుగు మెత్తగా పడుతుంది. తలంబ్రాలు గాలిలో ఆగినట్లు కనిపించడానికి ఆ క్షణకాలపు మెరుపే చాలు.

జీలకర్ర-బెల్లం అయి అడ్డుతెర దిగగానే ఆమె కళ్ళెత్తే క్షణం ఒక్కటే. ముందుగానే వరుడి భుజం వెనుక చోటు చూసుకోవాలి. "ఇటు చూడమ్మా" అన్నామా, ఆ చూపు పోయినట్లే!

మరి అప్పగింతలప్పుడు కెమెరా దించెయ్యాలా? అక్కర్లేదు. నాలుగడుగులు వెనక్కి తగ్గి, పందిరి గుంజకు కెమెరా ఆనించి, ఫ్లాషు లేకుండా ఒక్కటి తియ్యాలి. పదేళ్ళ తరువాత ఆల్బం తిరగేస్తూ ఆమె వెదికేది తన నగలను కాదు. తన చేతులను పాలలో ముంచి అప్పగించిన తండ్రి చేతులను.