విమానపు రేడియో, దాని మరమ్మతు

నేలమీద నడచు బండికి బాట యున్నది. నదిలో సాగు పడవకు గట్టు కనబడుచుండును. ఆకాశమున పోవు విమానమునకు ఈ రెండును లేవు. అది మబ్బులలో దూరినంతనే, దానిని నడుపువానికి ముందు వెనుకలన్నియు ఒకే తెల్లదనముగా గోచరించును. అట్టివేళ అతనికి దిక్కైనవి రెండు: నేలపైనుండి వినవచ్చు మనిషి మాట యొకటి; తన యెదుట గాజుబిళ్ళ వెనుక కదలాడు ముల్లు మరియొకటి. ఈ రెంటిని అతనికి తెచ్చి యిచ్చునది రేడియో.

బాలబాలికలారా! రేడియో యనగానే మీకు పాటలు, వార్తలు స్ఫురించును. నా చిన్ననాడు మా యూరి పంచాయతీ కార్యాలయమున ఒక రేడియో యుండెడిది. అది గరగరలాడినపుడెల్ల పెద్దలలో నెవరో ఒకరు లేచి దాని నెత్తిన అరచేతితో చరచెడివారు. చిత్రమేమన, ఒక్కొక్కమారు అది బాగుపడెడిది! బాగుపడకున్నను ముంచుకొని పోవునదేమియు లేదు. నాటి వార్తలను మరునాడు పత్రికలో చదువుకొనవచ్చును. విమానములో ఆ వెసులుబాటు లేదు. కావుననే అందలి రేడియోను పరీక్షించుట, చెడినదానిని తీసి మరియొకదానిని అమర్చుట ఒక ప్రత్యేక విద్యయైనది. మన దేశమున ఆ పని చేయువారికి పౌరవిమానయాన డైరెక్టరేటు జనరలు వారు పరీక్షలు పెట్టి లైసెన్సు నిత్తురు. లైసెన్సు గలవాడు సంతకము చేయనిదే విమానము కదలరాదు.

విమానమున ముఖ్యముగా రెండు తెగల రేడియోలుండును. మొదటిది మాటలాడుటకు. దాని పౌనఃపున్యము 118 మొదలు 137 మెగాహెర్ట్జుల నడుమ నుండును. ఈ తరంగములు వెలుతురువలె తిన్నగా సాగునేగాని భూమి వంపు వెంబడి వంగవు. అందుచేత 10,000 అడుగుల యెత్తున నున్న విమానముతో నేలపైనుండి సుమారు 225 కిలోమీటర్ల వరకే మాటలాడ వీలగును. ఎత్తు పెరిగినకొలది ఆ దూరమును పెరుగును. రెండవ తెగ రేడియో దారి చూపునది. అది పలుకదు. నేలపైనున్న కేంద్రములు పంపు సంకేతములను విని, వాని యర్థమును ముల్లు కదలికగా చూపును. నేడు ఉపగ్రహముల సాయమున దారి తెలిసికొను పద్ధతి వచ్చినది. అయినను ఈ భూకేంద్రముల పద్ధతి విడువబడలేదు.

మాటలాడు రేడియోలో ఒక చిక్కు కలదు. ఒక సమయమున ఒక పౌనఃపున్యముపై ఒక్కరే మాటలాడవలెను. ఇరువురు ఒకేసారి బొత్తాము నొక్కినచో వినువారికి ఏ మాటయు తెలియదు. కీచుమను ధ్వని మాత్రమే వినబడును. 1977 మార్చి 27వ తేదీన కానరీ దీవులలోని టెనెరిఫె విమానాశ్రయమును పొగమంచు క్రమ్మియుండెను. కె.ఎల్.ఎం. వారి పెద్ద విమానము రన్‌వే చివర నిలిచియున్నది. పాన్ అమెరికన్ వారి విమానము అదే రన్‌వేపై మెల్లగా నడచుచున్నది. తాము ఇంకను రన్‌వేపైననే యున్నామని పాన్ అమెరికన్ వారు చెప్పుచుండగా, అదే క్షణమున కంట్రోల్ టవరునుండియు మాట వెలువడినది. రెండును కలిసి కె.ఎల్.ఎం. చోదకుల చెవిలో కీచుధ్వనియైనవి. అప్పటికే ఆ విమానము అనుమతి లేకయే పరుగు నారంభించినది. ఆ ఢీకొనుటలో 583 మంది మరణించిరి. రేడియో చెడిపోవుటచే జరిగిన ప్రమాదము కాదిది. కాని ఒక్క మాట వినబడకపోయిన నేమగునో దీనివలన తెలియును.

ఇప్పుడొక సంగతి ఆలోచింపుడు. మాటలాడు బొత్తాము అతి చిన్న వస్తువు. లోపలి స్ప్రింగు అరిగి, అది నొక్కుకొనిపోయి పైకి రాలేదనుకొనుడు. అప్పుడా విమానము ఎడతెగక మౌనమునే ప్రసారము చేయుచుండును. ఆ పౌనఃపున్యముపై నున్న తక్కిన విమానములన్నిటి నోరును కట్టివేయబడును. అందుచే పనివాడు రేడియో పెట్టెను మాత్రమే చూచి ఊరకుండడు. బొత్తామును, చెవులకు తగిలించుకొను హెడ్‌సెట్టును, తీగలను, విమానపు వీపునను పొట్టక్రిందను నిలుచు ఏంటెన్నాలను గూడ పరీక్షించును.

చోదకుడు దిగిపోవునపుడు లాగ్‌బుక్కులో, “రెండవ రేడియో సరిగా వినబడుట లేదు” అని వ్రాసిపోవును. అంతకుమించి యేమియు వ్రాయడు. దోషమెచ్చట నున్నది? పెట్టెలోనా? తీగలోనా? ఏంటెన్నా మొదట చేరిన తుప్పులోనా? వానలో తడిసిన కనెక్టరులోనా? అనుభవము లేనివాడు వెంటనే పెట్టెను మార్చివేయును. తెలిసినవాడు ఒక సులభోపాయము చేయును. ఒకే రకమైన రేడియోలు రెండున్నచో, మొదటిదానిని రెండవదాని చోటను, రెండవదానిని మొదటిదాని చోటను అమర్చును. దోషము పెట్టెతో కూడ వెళ్ళినచో దోషి పెట్టెయే. దోషము ఉన్నచోటనే నిలిచినచో పెట్టె నిర్దోషి. తీగనో ఏంటెన్నానో పట్టుకొనవలెను. ఈ చిన్న తర్కము చేయనందున, ఏ లోపమును లేని పెట్టెలు అనేకము వర్కుషాపులకు పోయి, బాగుగనే యున్నవని తిరిగివచ్చుచుండును. ఈలోగా అసలు దోషము విమానముననే కూర్చుండును!

మాటలాడు రేడియో చెడినచో ఆ సంగతి వెంటనే తెలియును. చోదకుడు పిలుచును, బదులు రాదు. అప్పుడతడు తన ట్రాన్స్‌పాండరుపై 7600 అను సంఖ్యను పెట్టును. నేలపైవారు దానిని చూచి యితనికి రేడియో లేదని గ్రహింతురు. టవరునుండి ఆకుపచ్చ దీపము నిలకడగా చూపినచో దిగవచ్చునని అర్థము. దారి చూపు రేడియో సంగతి యట్లు కాదు. అది చెడియు, చెడనట్లే కనబడగలదు. నా దృష్టిలో ఈ విద్యలోని అసలు కష్టమంతయు ఇచ్చటనే యున్నది.

విమానమును రన్‌వేపై దింపు సంకేతమును తీసికొందము. రన్‌వే ఆవలి చివరనున్న ఏంటెన్నాలు రెండు స్వరములను పంపుచుండును. ఒకటి సెకనుకు 90 కంపనములది. రెండవది 150 కంపనములది. దిగవచ్చువానికి ఎడమ ప్రక్కన 90 స్వరము, కుడి ప్రక్కన 150 స్వరము హెచ్చుగా నుండును. రెండును సమానమైనచో విమానము రన్‌వే మధ్యరేఖకు సరిగా నెదురుగా నున్నదన్నమాట. అప్పుడు ముల్లు నడుమ నిలుచును. బాగున్నది. మరి యే సంకేతమును అందనపుడు ఆ ముల్లు ఎచ్చట నిలుచును? అదియు నడుమనే! “సరియైన దారిలో నున్నావు” అని చెప్పు ముల్లును, “నాకేమియు తెలియదు” అని చెప్పవలసిన ముల్లును చూచుటకు ఒక్కటే. అందువలన ఆ పరికరమున ఒక చిన్న ఎర్రజెండా నమర్చిరి. సంకేతము లోపించగానే అది బయటపడవలెను.

కావున పరీక్షించువాడు ముల్లు కదలుచున్నదా యని చూచుటతో సరిపుచ్చరాదు. అతడు ఒక పరీక్షాయంత్రమును తెచ్చి, దానినుండి ఆ రెండు స్వరములను పంపును. 90 స్వరమును హెచ్చించినపుడు ముల్లు కుడికి వంగవలెను. “ఎడమకు వచ్చితివి, కుడికి పొమ్ము” అని దాని భావము. లోపలి తీగలు రెండు తారుమారైనచో ముల్లు ఎడమకు వంగును. దానిని నమ్మినవాడు దారినుండి ఇంకను దూరమగును. తరువాత ఒక స్వరమును పూర్తిగా ఆపివేయును; ఎర్రజెండా కనబడవలెను. రెండవదానిని ఆపును, మరల కనబడవలెను. కనబడనిచో, ముల్లు ఎంత చక్కగా కదలినను ఆ రేడియోను వాడరాదు.

మార్గమధ్య కేంద్రముల దిక్కును చూపు రేడియోకు వేరొక పరీక్ష కలదు. మబ్బులలో పరికరముల సాయముననే పోవు విమానమున దీనిని వాడదలచినచో, గడచిన 30 దినములలో దానిని సరిచూచియుండవలెనని అమెరికా నిబంధన. నేలపై నిర్ణయించిన చోట చూచినపుడు తేడా 4 డిగ్రీలను మించరాదు. గాలిలో చూచినచో 6 డిగ్రీలు. నాలుగు డిగ్రీలు మీకు స్వల్పముగా తోచవచ్చును. మీ జామెట్రీ పెట్టెలోని కోణమానినితో గీచి చూడుడు. కేంద్రమునుండి 100 కిలోమీటర్ల దూరమున అది సుమారు 7 కిలోమీటర్ల తేడాయగును. నడుమ కొండ యున్నచో ఏడు కిలోమీటర్లు చాలును. పరీక్షించినవాడు తేదీ, స్థలము, తేడా వ్రాసి సంతకము చేయవలెను.

చెడకుండగనే రేడియోను మార్చవలసిన సందర్భములును కలవు. ఆకాశమున విమానములు పెరిగి, మాటలాడుటకు పౌనఃపున్యములు చాలకపోయెను. 25 కిలోహెర్ట్జుల వెడల్పుగల ఒక్కొక్క దారిని ముక్కలు చేసి మూడు దారులుగా వాడు పద్ధతిని ఐరోపాలో 1999లో పై ఆకాశమున ప్రవేశపెట్టిరి. క్రమముగా క్రిందికిని వ్యాపింపజేసిరి. ఆ సన్నని దారులలో పాత రేడియో పనికిరాదు. ఇట్టిదే మరియొకటి. మీరు పాటలు వినెడి ఎఫ్.ఎం. ప్రసారములు 108 మెగాహెర్ట్జుల వరకుండును. దారి చూపు సంకేతములు సరిగా ఆ పైనుండియే మొదలగును. పొరుగింటి పాట బలమైనచో మనయింటి మాట వినబడనట్లు, ఆ ప్రసారముల ధాటికి పాత రేడియోలు తబ్బిబ్బగుచుండెను. అందుచే ఆ ధాటికి తట్టుకొనగల రేడియోలే యుండవలెనని 1998 నుండి అంతర్జాతీయ నియమము వచ్చినది.

పెట్టెను మార్చుట చూచుటకు తేలిక. మొదట విద్యుత్తును ఆపి, మరియెవరును తెలియక కలుపకుండునట్లు బ్రేకరుకు చీటీ కట్టుదురు. బిగింపులు వదలించి పెట్టెను తిన్నగా వెలుపలికి లాగుదురు. వెనుకనున్న పిన్నులలో వంగినది, లోనికి పోయినది యున్నదేమోనని దీపము వేసి చూతురు. క్రొత్త పెట్టెపైని సంఖ్యలు పత్రముతో సరిపోవలెను. దానిని తోయునపుడు బలము వాడరాదు. ఒక్క పిన్ను వంగినను శ్రమయంతయు వ్యర్థము. వాల్వులతో నడచిన పాత రేడియోలు మిక్కిలి బరువైనవి. వాని స్థానమున తేలికయైనది వచ్చినచో విమానపు గరిమనాభి జరుగును. కావున తీసిన బరువును, పెట్టిన బరువును లెక్కించి పుస్తకమున వ్రాయవలెను. పిమ్మట పైని చెప్పిన పరీక్షలన్నియు మొదటినుండి జరుగును. గడియసేపటిలో బిగించిన పెట్టెకు పూటంతయు పరీక్ష యనిన వింతగా తోచును గాని, కూలి యెక్కువ పడునది పరీక్షకే.

మన హైదరాబాదు బాలానగరమున హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థవారి ఏవియానిక్స్ విభాగము 1965లో ఏర్పడినది. విమానములకు కావలసిన రేడియో పరికరములను నిర్మించు శాఖ యది. ఈ విద్య నభ్యసింపగోరువారు భౌతికశాస్త్రములోని తరంగముల పాఠమును దాటవేయరాదు.

ఇక వెలుపలికి తీసిన పాత పెట్టె యేమగును? పిన్నులకు దుమ్ము చేరకుండ మూతలు వేసి, చోదకుడు వ్రాసిన ఫిర్యాదును చీటీపై నెత్తి వ్రాసి, దానిని వర్కుషాపునకు పంపుదురు. అచ్చట దోషమును కనుగొని సరిచేసి, మరల పరీక్షించి, పత్రముపై సంతకము చేసి బీరువాలో నుంతురు. అది మరల ఏ విమానమునకు చేరునో ఆ సంతకము చేసినవానికి తెలియదు.