మనుషులు మారితే పాట మారుతుందా?
(పల్నాటి వీరకథ, దాని రికార్డులు)

మా హాస్టల్లో ఒక తమ్ముడు రాత్రి పదింటికి ఇంగ్లీషు హెవీ మెటల్ పెడతాడు. అందులో డైమండ్ హెడ్ అని ఒక బృందం ఉంది. పేరు విన్నవాళ్లు మన కాలేజీలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. 1976లో స్టౌర్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో నలుగురు కుర్రాళ్లు మొదలెట్టారు. 1980లో పేరైనా అచ్చువెయ్యని తెల్లట్టతో సొంతంగా ఒక రికార్డు తెచ్చుకున్నారు. అందులో ఒక పాటను 1984లో మెటాలికా వాళ్లు పాడాక గాని లోకం వీళ్లను పట్టించుకోలేదు. తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2020లో అదే రికార్డును మళ్లీ చేసేనాటికి మొదటి నలుగురిలో మిగిలింది గిటారు వాయించే బ్రయన్ టాట్లర్ ఒక్కడే. "మరి ఇది ఆ బృందమేనా సార్?" అని మా తమ్ముడి సందేహం.

ఈ ప్రశ్న మన పల్నాటిలో ఎన్నో వందల ఏళ్లుగా నడుస్తున్నదే. పన్నెండో శతాబ్దంలో కారెంపూడి దగ్గర యుద్ధం జరిగింది. ఆ కథను పాడేవారు వీరవిద్యావంతులు. కన్నమదాసు పుట్టిన మాల కులంవారే వీళ్లు. వారిదీ ఒక బృందమే. ముందు కత్తి పట్టి కథ చెప్పే ప్రధాన గాయకుడు, అతని మాట అందుకునే వంతపాటగాళ్లు, రెండు డోళ్లు జోడుగా కట్టిన పంబ, శ్రుతికి తిత్తి, తాళాలు. తండ్రి పోతే కొడుకు నిలబడతాడు. బృందం పేరు అట్టమీద అచ్చుకాలేదు గనక ఎవరు పోయారో ఎవరొచ్చారో లెక్క రాసినవాళ్లు లేరు.

మారిందంటే ఎంత మారిందో చూడండి. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో వీరుల కథను వాద్యం మీద ద్విపదలో పాడేది ఒక స్త్రీ! ఆ వీథినాటకాన్ని కొందరు శ్రీనాథుడిదంటారు, కొందరు మన వినుకొండ వల్లభరాయుడిదంటారు. ఎవరిదైనా సరే, ఆ కాలానికి ఆడమనిషి పాడటం చెల్లిందన్నది తేలుతోంది. నేను ఇంతవరకు విన్నవాళ్లంతా మగవాళ్లే.

ఇక రికార్డుల సంగతి. పాత గ్రామఫోను ప్లేటు ఒక పక్కకు మూడు నిమిషాలు పట్టేది. రాత్రుళ్లకు రాత్రుళ్లు సాగే కథ దానిలో ఎక్కడ ఇముడుతుంది? అందుకని ముందు కాగితానికెక్కింది. గురజాల ప్రాంతంవారైన అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో శ్రీనాథుని ద్విపదను అచ్చువేయించారు. దొరికింది ముఖ్యంగా బాలచంద్రుని యుద్ధభాగమే. పిమ్మట సినిమాలు వచ్చాయి. 1947 నాటి చిత్రంలో నాగమ్మ కన్నాంబ, 1966లో భానుమతి. కథ ఒకటే, నాగమ్మ వేరు. మా నాయనమ్మకు చివరిదాకా కన్నాంబే నాగమ్మ!

పాటను పాటగానే పట్టుకున్నవాడు జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు. 1970లలో ఇక్కడికొచ్చి అలిసెట్టి గాలెయ్య పాడగా టేపు చేసుకున్నాడు. దాని ఆంగ్లానువాదం, పరిశీలన 1982లో ఆక్స్‌ఫర్డు నుంచి పుస్తకంగా వెలువడ్డాయి. మన కథ లోకం లైబ్రరీలకు చేరింది ఆ గాయకుడి గొంతు మీదనే అంటే అతిశయోక్తి కాదు.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. గాలెయ్య ఆనాడు పాడినది ఒక పాఠం. అది అచ్చయ్యేసరికి చదువుకున్నవాళ్లం అదే అసలనుకుని, వేరేగా పాడినవాణ్ణి "తప్పు పాడుతున్నావయ్యా" అనడం మొదలెట్టాం. నేనూ ఒకసారి అన్నాను. ఆ పెద్దాయన కోప్పడలేదు. "మా నాయన ఇట్టాగే చెప్పాడు బాబూ" అన్నాడు. డైమండ్ హెడ్ వాళ్లకు పోల్చుకోవడానికి 1980 రికార్డు ఉంది. మనవాళ్లకు నిన్నటి తండ్రి గొంతే రికార్డు. దాన్ని పుస్తకంతో కొట్టేస్తే మిగిలేది పుస్తకమే.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. మందపోరు నాడు నేను ఫోనులో నలభై నిమిషాలు పట్టాను. ఇంటికొచ్చి వింటే జనం కేకలు, పంబ మోత, వాటి నడుమ అక్కడక్కడ కథ. అయినా దాచుకున్నాను. ఫైలుకు ఊరు, తేదీ, ప్రధాన గాయకుడి పేరు పెట్టాను. పంబ వాయించినాయన పేరు మాత్రం అడగలేదు.