నిర్వాసితులు

'నిర్వాసనం' అంటే ఉన్నచోటి నుంచి వెళ్లగొట్టడం. సీతానిర్వాసన ఘట్టం చదివినవారికి ఈ మాట కొత్తది కాదు. ఏ తప్పూ చేయనివారు ఇల్లు విడవవలసి రావడం అందులోని విషాదం. భారీ ప్రాజెక్టుల కాలంలో ఆ విషాదం ఊళ్లకు ఊళ్లనే కమ్మింది. శ్రీశైలం జలాశయం ఇందుకు నిదర్శనం.

1963లో ప్రధాని నెహ్రూ శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. జలవిద్యుదుత్పత్తి దాని తొలి లక్ష్యం. తరువాత రాయలసీమకు సాగునీరు, మద్రాసు నగరానికి తాగునీరు అందించే బాధ్యత కూడా దానికి చేరింది. ఈ ప్రయోజనాలను ఎవరూ కాదనలేరు. అయితే జలాశయం నిండడానికి నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు వంద గ్రామాలు మునిగాయి. 1981లో ఆ ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించారు. లక్షకు పైగా ప్రజలు తరతరాల ఇళ్లను, సారవంతమైన తీరభూములను విడిచి తరలిపోయారు.

కృష్ణా తుంగభద్రల సంగమంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాళ్లుగా విడదీసి, అలంపురం చేర్చి, తిరిగి నిలిపారు. అది ప్రశంసనీయమే. కానీ ఊరిని అలా తిరిగి నిలిపినవారు లేరు. ఊరంటే ఇళ్ల వరుస మాత్రమే కాదు. పొలం పనుల్లో ఇరుగుపొరుగు తోడ్పాటు, గ్రామదేవత జాతర, అవసరానికి అప్పు పుట్టించే పరపతి, చేతివృత్తులవారికి ఆధారమైన వాడుక ఇళ్లు, ఇవన్నీ కలిస్తేనే ఊరు. ఒక వీధివారు నాలుగు దిక్కులకు చెదిరినప్పుడు ఇవి ఏ పరిహారానికీ అందవు.

అప్పటికి అమలులో ఉన్న 1894 నాటి భూసేకరణ చట్టం ఆస్తికి వెల కట్టింది గాని, పునరావాసాన్ని హక్కుగా గుర్తించలేదు. భూమిలేని కూలీ ఆ లెక్కలోకి రాలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినా, దాని అమలుకై ఎందరో దశాబ్దాలు నిరీక్షించారు. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం, జీవనోపాధి కోల్పోయిన కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవారు కూడా పునరావాసానికి అర్హులని అంగీకరించింది. శ్రీశైలం నిర్వాసితుల విషయంలో ఆ వివేకం 33 ఏళ్లు ఆలస్యమైంది.

వేసవిలో నీరు తగ్గినప్పుడు, జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వరం ఆలయం బయటపడుతుంది. భక్తులు వెళ్లి పూజలు చేస్తారు. వానలు రాగానే గుడి మళ్లీ నీట మునుగుతుంది. ఆ నీటి అడుగున ఊళ్లున్నాయి. ఆ నీటితో వెలిగే దీపం కింద చదువుకొనే ప్రతి విద్యార్థీ వారికి రుణగ్రస్తుడే. వారికి న్యాయం చేయడం దయ కాదు, రుణం తీర్చుకోవడం.