మడమ నేలకు ఆనాలంటే



మన బడుల్లో కొందరు పిల్లలు మునివేళ్ల మీదే నడుస్తుంటారు. వారిలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్ని "మడమ ఆనించి నడువు" అని గద్దించి ప్రయోజనం లేదు. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొద్దికాలానికో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల వారి పిక్క కండరాలు బిగుసుకుని ఉంటాయి. వదలమన్నా వదలవు.

మెదడులోని ఆ దెబ్బ పెరగదు, పిల్లవాడు పెరుగుతాడు. ఎముక పొడుగవుతున్నకొద్దీ బిగిసిన కండరం దానితో సమంగా ఎదగదు. ఈ రోజు చేత్తో మెల్లగా వంచితే కిందికి దిగే మడమ, కొన్నేళ్లకు ఎంత వంచినా దిగకపోవచ్చు. వైద్యం ఆలోగా మొదలవ్వాలి.

ఆ వైద్యంలో కొన్ని మెట్లున్నాయి. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు, నిలబడే సాధన రోజూ చేయించాలి. చీలమండను నిటారుగా పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్ తొడగాలి. బిగువు ఎక్కువైతే డాక్టరు పిక్కలో బొటులినం ఇంజెక్షన్ ఇస్తారు. పాదాన్ని కొద్దికొద్దిగా వంచుతూ, వారం రెండు వారాలకోసారి మార్చే పిండికట్లు కూడా వేస్తారు. కండరం శాశ్వతంగా కుంచించుకుపోతే స్నాయువును పొడిగించే ఆపరేషన్ చేస్తారు. ఎవరికి ఏది తగునో పరీక్షించి చెప్పాల్సింది డాక్టరే.

దాతలు గమనించవలసిన విషయం ఒకటుంది. ఇంజెక్షన్ ప్రభావం సుమారు మూడు నెలలే. కండరం మెత్తబడిన ఆ మూడు నెలల్లో వ్యాయామం, స్ప్లింట్, నడక సాధన జరిగితేనే దాని ఫలం దక్కుతుంది. లేకపోతే ఖర్చు చాలామటుకు వృథా. ఇంజెక్షన్‌కు, ఆపరేషన్‌కు సాయం అడిగితే మన సమాజం వెంటనే ముందుకొస్తుంది. కానీ పిల్లవాడు ఎదగగానే బిగుతైపోయే స్ప్లింట్‌కు, థెరపీకి వెళ్లే ఆటో ఛార్జీకి, ఆ రోజు తల్లి పోగొట్టుకునే కూలికి అడిగేవారూ తక్కువ, ఇచ్చేవారూ తక్కువ. చాలా ఇళ్లలో వైద్యం ఆగిపోయేది అక్కడే.

ఉచితంగా దొరికేవాటిని ముందు వాడుకుందాం. మన రెండు రాష్ట్రాల్లోని భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ సేవలున్నాయి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఏటా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. దరఖాస్తు నింపడం, వైకల్య ధ్రువపత్రం ఇప్పించడం కూడా సేవే. చదువుకున్న మన యువకులు ఆ పని చేయగలరు.

మిగిలిన లోటును మన జకాత్, సదఖాలతో పూడ్చుదాం. ఒక్క ఇంజెక్షన్‌కు కాకుండా, ఒక్క బిడ్డకు ఏడాది పొడవునా అండగా నిలుద్దాం. కొంచెమైనా విడవకుండా చేసే మంచికి మన దీన్‌లో ఎంత విలువ ఉందో మనకు తెలియనిది కాదు. ఇన్షా అల్లాహ్, ఆ బిడ్డ మస్జిద్‌లో తోటివారి పక్కన సఫ్‌లో పాదాలు ఆనించి నిలబడే రోజు వస్తుంది.