సరంగు ఆగమంటే ఆగు తల్లీ

చిట్టితల్లీ,

ఇంగ్లండ్‌లోని న్యూలిన్ రేవులో లైఫ్‌బోట్ సిబ్బందిలో చేరడానికి పేరిచ్చావని తెలిసిన రోజు మీ అమ్మ అన్నం ముందు చాలాసేపు ఊరికే కూర్చుంది. నేను పెరట్లో అటూ ఇటూ తిరిగొచ్చి నీ ఉత్తరం మళ్లీ తీశాను. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసి అలసిపోయే పిల్లవి, జీతం లేని పనికి ఒప్పుకుని, పేజర్ మోగితే నిద్రలోంచి లేచి రేవుకు పరుగెత్తుతానన్నావంటే ఆ బుద్ధి ఎక్కణ్నించి వచ్చిందో నాకు తెలుసు. నీకు జామకాయలు కోసిపెట్టి, దోరవి నీకిచ్చి మిగలముగ్గినవి తాను తినే చిన్నతాతయ్య గుర్తున్నాడు కదా. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మెడలోతు నీళ్లలో ఇరుగుపొరుగు పిల్లల్ని భుజాన వేసుకుని బడి డాబా మీదికి చేర్చి, మళ్లీ దిగి, మళ్లీ చేర్చిన మనిషి ఆయన. బతికినన్నాళ్లూ ఆ రాత్రి ఊసు తనంతట తాను ఎత్తలేదు. ఆయన వేలు పట్టుకుని నడిచినదానివి, నిన్ను వద్దనే నోరు నాకెక్కడిది!

నీ ఉత్తరం వచ్చాక ఆ రేవు పక్కనున్న మౌజల్ ఊరి సంగతి వెతికి చదివాను. 1981 డిసెంబరు 19, పండుగ దీపాలు పెట్టుకున్న రోజులు. యూనియన్ స్టార్ అనే సరుకు ఓడ మొదటి ప్రయాణంలోనే ఇంజను ఆగిపోయి, తుపానుగాలికి కార్న్‌వాల్ రాళ్లవైపు కొట్టుకొస్తోంది. అందులో ఎనిమిది మంది, వాళ్లలో కెప్టెన్ భార్య, ఆమె ఇద్దరు కూతుళ్లు. నేవీ హెలికాప్టరు వచ్చింది కానీ ఆ గాలిలో ఒక్కరినీ పైకి లాగలేకపోయింది. అప్పుడు పెన్లీ దగ్గర్నుంచి సాలమన్ బ్రౌన్ అనే 47 అడుగుల కొయ్య బోటు, 60 అడుగుల దాకా లేస్తున్న అలల్లోకి దిగింది. అందులో ఎనిమిది మంది ఊరివాళ్లు, ఒకాయన ఆ ఊళ్లో పబ్బు నడుపుకునేవాడు. బోటు సరంగు ట్రెవెల్యన్ రిచర్డ్స్.

నైజెల్ బ్రాక్‌మన్ అనే ఆయన వెంట ఆయన కొడుకు కూడా పరుగెత్తుకొచ్చాడట, పదిహేడేళ్లవాడు. ఇలాంటి రాత్రి ఒకే ఇంటి నుంచి ఇద్దరు వద్దని సరంగు తండ్రిని ఎక్కించుకుని కొడుకును ఒడ్డున ఆపేశాడు. అవతల మనుషులు మునిగిపోతున్నారు, ఇవతల చేతికందే కుర్రాడు సిద్ధంగా నిలబడ్డాడు, అయినా వాళ్ల ఇంట్లో ఉన్న తల్లిని తలుచుకోగలిగాడు చూడు, నాకు ఆ సరంగు మీద ఎంత గౌరవం కలిగిందో రాయలేను. నలుగురిని బోటులోకి తీసుకున్నామని, ఓడలో ఇంకా మనుషులున్నారని చెబుతుండగానే రేడియో మూగబోయింది. ఓడలోవాళ్లూ బోటులోవాళ్లూ కలిపి పదహారు మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఒక్కరోజు తిరిగేలోగా ఆ చిన్న ఊరే కొత్త సిబ్బందికి సరిపడా మనుషుల్ని ఇచ్చింది. ఒడ్డున ఆగిపోయిన ఆ కుర్రాడు తర్వాత్తర్వాత పెన్లీ బోటుకే సరంగయ్యాడు.

అందుకే అడుగుతున్నాను తల్లీ, నీ సరంగు గారు ఏ రాత్రయినా నిన్ను ఆగమంటే ఆగు. పిరికిదాన్ననుకున్నారేమోనని చిన్నబుచ్చుకోకు, బోటు కోసం కాచుకునేవాళ్లలో ఉండి, వచ్చినవాళ్లకు పొడి దుప్పటి, వేడి టీ అందించు. నీళ్లలోంచి తీసిన మనిషి ఎవరైనా, ఎంత తెలివితక్కువ పని చేసి అందులో పడ్డా, అప్పుడు మాత్రం ఏమీ అడగకు. వార్డులో ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని మాట్లాడతావే, అలాగే మాట్లాడు. 1824లో మొదలైన మీ లైఫ్‌బోట్ సంస్థ రెండు వందల ఏళ్లుగా ఎక్కువగా నీలాంటివాళ్ల మీదా, జనం ఇచ్చే విరాళాల మీదా నడుస్తోందని చదివి, ఇక్కణ్నుంచి నేనూ కొంచెం పంపాలనుకుంటున్నాను, ఎలా పంపాలో రాయి.

అమ్మ ఆవకాయ కట్టించింది. ఒక సీసా సరంగు గారికివ్వు, కారం సంగతి ముందే చెప్పు. పేజర్ మోగి వెళ్లిన రోజున, తిరిగొచ్చి బట్టలు మార్చుకున్నాక, ఇక్కడ ఏ వేళయినా సరే, ఫోన్ చెయ్యి. అమ్మ మంచం పక్కనే పెట్టుకుంటోంది.

ఆశీస్సులతో,
నాన్న