కారు ఇంజను పట్టేయకుండా పల్నాటి ఇల్లాలి చిట్కాలు

ఇప్పటి ఇంజన్లలో పస లేదని మా వీధిలో చాలామంది అంటుంటారు. నేను మాత్రం ఒప్పుకోను. లక్ష దాటకముందే బోరుకొచ్చే రోజులు అంబాసిడర్లతోనే పోయాయి, ఇప్పటి ఇంజను సరిగ్గా చూసుకుంటే రెండు లక్షల కిలోమీటర్లు అలవోకగా లాగుతుంది. దాన్ని పాడుచేసేవి మన ఎండ, మన దుమ్ము, మన బోరు నీళ్లు. పల్నాడులో వాటికి కొదవ లేదు కాబట్టి, మా బండికి మేం చేసేవే చెబుతున్నా.

1. నెలకోసారి పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు, చదునైన చోట డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీయండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉంటే సరి, కింది గీత కంటే దిగితే ఆయిలు పోయకుండా బండి కదపొద్దు.

2. చాలా కార్లకు పదివేల కిలోమీటర్లకో ఏడాదికో ఆయిలు మార్చమని పుస్తకంలో రాస్తారు, దుమ్ము రోడ్ల మీద తిరిగితే ఇంకా ముందే మార్చమని కూడా అందులోనే ఉంటుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పక్కనో, మాచర్ల, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల వైపో రోజూ తిరిగేవాళ్లు ఆ రెండో మాటే వినాలి.

3. ట్రాక్టరుకు తెచ్చిన ఆయిలు డబ్బాలో మిగిలిందని కారులో ఒంపేయకండి. కొత్త పెట్రోలు ఇంజన్లకు 0డబ్ల్యూ-16, 5డబ్ల్యూ-30 లాంటి పలుచటి ఆయిలు కావాలి, చిక్కటిది పోస్తే మైలేజీ తగ్గుతుంది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు అరుగుదల పెరుగుతుంది.

4. ఎయిర్ ఫిల్టరు పెట్టె క్లిప్పులు చేత్తోనే ఊడొస్తాయి. ఫిల్టరు తీసి నేలకేసి మెల్లగా తట్టండి, తెల్లటి పొడి ఎంత రాలుతుందో మీరే చూస్తారు. నీళ్లతో మాత్రం కడగొద్దు, కాగితం చిరిగితే ఆ దుమ్మంతా నేరుగా పిస్టన్ల దగ్గరికే పోతుంది. కొత్తది కొన్ని వందల రూపాయలే, ఇందులో పిసినారితనం వద్దు.

5. రేడియేటరులో బోరు నీళ్లు పోయడం మన వైపు పాత అలవాటు, ముందు దాన్ని మానాలి. మనది సున్నపురాయి నేల. ఇడ్లీ పాత్ర అడుగున తెల్లటి పొర గట్టిగా కట్టి, గీకినా రాదు చూడండి, ఆ పొరే ఇంజను లోపలి సన్నటి దారుల్లోనూ కడుతుంది. ఇక నీళ్లు తిరగవు, వేడి దిగదు. కలిపి అమ్మే కూలెంటే పోయండి, దారిలో అత్యవసరమైతే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు గానీ ఆర్వో నీళ్లు గానీ పోసి, తరువాత కూలెంటు మార్పించండి.

6. ఎండాకాలం రెంటచింతల పేరు రోజూ వార్తల్లో వింటూనే ఉంటాం కదా, ఆ ఎండలో బండి వేడెక్కి ఎర్ర దీపం వెలిగిందంటే ఏసీ ఆపి పక్కకు తీయండి. పక్కకు ఆపే చోటు దొరికేదాకా హీటరు ఫుల్లుగా పెట్టండి. మనకు చెమటలు పడతాయి గానీ ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. ఇప్పటి ఇంజను హెడ్డు అల్యూమినియంది, అతి వేడికి వంగిపోతే హెడ్డూ గ్యాస్కెట్టూ కలిసి పెద్ద బిల్లే.

7. వేడి మీద రేడియేటరు మూత తీయొద్దు, అరగంట ఆగండి. ఎగజిమ్మే ఆవిరికి ముఖం కాలిపోతుంది.

8. పత్తి లారీల వెనక తిరిగే రోజుల్లో రేడియేటరు ముందు జాలీకి దూది, పురుగులు పట్టేస్తాయి. ఇంజను చల్లారాక తోటకు నీళ్లు పెట్టే పైపుతో మెల్లగా కడిగితే చాలు. ప్రెషరు వాటరు కొట్టిస్తే రెక్కలు వంగుతాయి, బానెట్ కింద కొట్టిస్తే సెన్సార్లు పోతాయి.

9. పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉట్టినే గుర్రుమనిపించడం కార్బురేటరు కాలం నాటి పద్ధతి. అర నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు నిదానంగా నడపండి, పెట్రోలూ మిగులుతుంది.

10. టర్బో ఇంజనైతే హైవే నుంచి రాగానే తాళం తిప్పేయకండి. ఒక్క నిమిషం నిలబెట్టి ఆపితే టర్బో ఎక్కువ కాలం మన్నుతుంది.

11. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లకు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. నరసరావుపేట బజారుకూ బడికీ మాత్రమే తిప్పితే అది పూడుకుపోతుంది. అందుకే అప్పుడప్పుడు అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కి ఇరవై నిమిషాలు ఆగకుండా పోనివ్వండి, మసి దానంతటదే కాలిపోతుంది. ఊరు దాటని వాళ్లకు పెట్రోలు కారే నయమని నా మాట.

12. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. 2023కు ముందు కొన్న బండైతే పుస్తకంలో ఏముందో చూసి, సర్వీసింగులో రబ్బరు పైపులు పరీక్షించమనండి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి.

13. పిల్లలు అమెరికాలో, కారేమో కవరు కింద అనే ఇళ్లు మనకు బోలెడు. వారానికోసారి అరగంట తిప్పించండి. లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బానెట్ కింద, వేడి తగలని మూల, పొగాకు కాడలు గుడ్డలో కట్టి పెడితే మా ఇంట్లో ఎలుకల గొడవ తగ్గింది.

14. కోటప్పకొండ ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్ చేయకండి, రెండో గేరులో దిగండి. బ్రేకులు మిగులుతాయి. గేరులో దిగేటప్పుడు ఇంజనుకు పెట్రోలు కూడా పోదు.

15. వాగు నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, తోయించండి. నీళ్లు సిలిండరులోకి పోయుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు సీట్ల కింద, కార్పెట్ కింద బురద ఉందేమో చేత్తో తడిమి చూడండి.

16. ఆ బేరానికి పోయినప్పుడే బండి ముందుగా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది. నీలం పొగ వదిలితే ఆయిలు తాగుతున్నట్టు, తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే కూలెంటు లోపలికి కారుతున్నట్టు.

17. టైమింగు చైనా, బెల్టా అని మెకానిక్కును అడిగి తెలుసుకోండి. బెల్టు అయితే పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు మార్పించండి, అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి.

18. ఎర్రగా ఆయిలు కుండ బొమ్మ వెలిగితే మెకానిక్కు షెడ్డు వంద గజాల్లో ఉన్నా నడపొద్దు. పసుపు ఇంజను బొమ్మ అయితే నిదానంగా షెడ్డుదాకా వెళ్లొచ్చు, అది ఆరివెలుగుతుంటే మాత్రం ఆపేయండి.

19. సర్వీసు బిల్లులన్నీ ఒక కవరులో దాచండి. అమ్మేటప్పుడు మంచి ధర పలుకుతుంది. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు, ఆ తరువాత ఫిట్‌నెస్ చూసి మరో 5 ఏళ్లకు పొడిగిస్తారు.