పాత కొట్టును చదువుదాం



మనం అక్షరాలు నేర్చుకున్నాం. బస్సు బోర్డు చదువుతున్నాం. రేషన్ కార్డు చదువుతున్నాం. ఈ పాఠంలో ఒక పాత కొట్టును చదువుదాం.

కొట్టును చదవడమేమిటి అంటారా? బజారులో పాత కొట్టు కనబడితే ఎదురుగా నిలబడండి. తల ఎత్తి చూడండి. కొన్ని కొట్లకు గోడ పైభాగాన సున్నంతో చేసిన అక్షరాలు ఉంటాయి. కట్టించినవారి పేరు ఉంటుంది. కట్టిన సంవత్సరం ఉంటుంది. ఇన్నాళ్ళూ అవి మనకు ఉత్త గీతలు. ఇప్పుడు అవి మాటలు.

కొట్టు ఏం చెబుతుంది?

అక్షరాలు లేని కొట్టు కూడా ఎన్నో సంగతులు చెబుతుంది.

అరుగు చూడండి. ఎత్తుగా ఉందా? మనది కొల్లేటి పక్క ఊరు. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. వానలు ఎక్కువైతే నీరు పొంగుతుంది. అరుగు ఎత్తుగా ఉంటే బియ్యం బస్తా తడవదు. ఆ అరుగు మీదే బేరానికి వచ్చినవాళ్ళు కూర్చుంటారు. ఎండవేళ కూరగాయల గంప దించుకుని మనమూ కూర్చుంటాం.

తలుపు చూడండి. పాత కొట్లకు నిలువు చెక్కల తలుపులు ఉంటాయి. పొద్దున ఒక్కో చెక్క తీసి పక్కన పెడతారు. రాత్రి మళ్ళీ వరుసగా అమరుస్తారు. వరుస తప్పితే తలుపు పడదు. అందుకని చెక్కల మీద అంకెలు వేసుకునేవారు. ఆ అంకెలు మనకు వచ్చు కదా!

పైకి చూడండి. పెంకులు, వాసాలు, దూలం. లోపల అటక. సరుకు అటక మీద, బేరం కింద.

మన బజారు ఎలా పెరిగింది?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గోదావరి కాలువలు పొలాలకు నీళ్ళు తెచ్చాయి. ఆ కాలువల్లోనే పడవలు నడిచాయి. ధాన్యం, ఉప్పు, కలప పడవల మీద ఊరూరా తిరిగాయి. తర్వాత 1928లో గుడివాడ నుంచి భీమవరానికి రైలు దారి వచ్చింది. మన ఆకివీడు స్టేషను ఆ దారిలోనే ఉంది. ధాన్యం, చేపలు దూర ఊళ్ళకు వెళ్ళాయి. బజార్లు పెరిగాయి.

కోట రాజు కథ చెబుతుంది. గుడి దేవుడి కథ చెబుతుంది. కొట్టు మన కథ చెబుతుంది. ఏం పండించాం, ఏం అమ్మాం, ఏం కొన్నాం అన్నది చెబుతుంది. అందుకే చిన్న కొట్టుకు కూడా విలువ ఉంది.

పోయినది ఒకటి

నరసాపురం దగ్గర మాధవాయిపాలెం అనే ఊరు ఉంది. సుమారు మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషు కంపెనీవాళ్ళకు అక్కడ వర్తకశాల ఉండేది. మన సాలెలు నేసిన నూలు బట్టను కొని ఓడల మీద పంపేవారు. ఆ ఊరి పేరు వాళ్ళకు నోరు తిరగలేదు. 'మడపొల్లం' అన్నారు. చివరికి ఆ బట్టకే మడపొల్లం అని పేరు పడింది. ఇప్పటికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ మాట ఉంది.

బట్ట పేరు మిగిలింది. వర్తకశాల మిగలలేదు. ఆ రోజుల్లో రాట్నం మీద నూలు వడికింది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

నిలిచినది ఒకటి

హైదరాబాదులో మొజంజాహి మార్కెట్ ఉంది. 1935లో నిజాం కాలంలో రాతితో కట్టారు. మధ్యలో గడియారం ఉన్న బురుజు. రెండు వైపులా వరుసగా చిన్న చిన్న కొట్లు. అది మొదట పండ్ల బజారు. తర్వాత టోకు పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలింది. అయినా మార్కెట్ మూతపడలేదు. ఐస్‌క్రీము కొట్లు, అత్తరు కొట్లు నడుస్తూనే ఉన్నాయి.

కాలం గడిచేకొద్దీ రాయి మాసింది, కప్పు కారింది. ప్రభుత్వం బాగుచేయించి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచింది. అక్కడ ఈనాటికీ బేరాలు జరుగుతున్నాయి. పాతదాన్ని నిలపడమంటే తాళం వేసి ఉంచడం కాదు. వాడుకుంటూ కాపాడుకోవడం.

పడగొట్టాలా, బాగుచేయాలా?

కొట్టు యజమాని కష్టం కూడా వినాలి. అద్దె తక్కువ. కప్పు కారుతుంది. పడగొట్టి మేడ కడితే ఆదాయం ఎక్కువ. ఇదంతా నిజమే. పాతదల్లా నిలపాలని ఎవరూ అనరు. గోడ ఒరిగితే ముందు మనుషుల ప్రాణం చూడాలి. ఇంజనీరును పిలిచి చూపించాలి.

కానీ చాలా కొట్లు పాతవైనందువల్ల పడిపోవు. పట్టించుకోనందువల్ల పడిపోతాయి. ఒక్క పెంకు పగిలితే నీరు కారుతుంది. వాసం తడుస్తుంది. చెద పడుతుంది. ఏళ్ళు గడిస్తే దూలమే విరుగుతుంది. ఆ ఒక్క పెంకు నాడే మారిస్తే దూలం నిలుస్తుంది.

ఇంకో సంగతి. పాత గోడలు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేదు. లోపలే ఉండి గోడను పాడుచేస్తుంది. పూత పెచ్చులు ఊడుతుంది. సున్నపు గోడకు సున్నమే వాడాలి.

మనం ఏం చేయగలం?

మన వారసత్వ సంపదను కాపాడటం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలో ఉంది. 51-ఎ అధికరణంలో ఆ మాట రాశారు. పౌరుడు అంటే మగవాడు ఒక్కడే కాదు. మనం కూడా.

కొట్టు మనది కాకపోవచ్చు. దాని జ్ఞాపకం మనది. పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టవచ్చు. యజమానితో మాట్లాడవచ్చు. నలుగురం కలిసి నగర పంచాయతీకి అర్జీ ఇవ్వవచ్చు. అర్జీ కింద వేలిముద్ర అక్కర్లేదు. సంతకం పెడదాం.

కొత్త మాటలు

వర్తకశాల – సరుకు కొని, దాచి, అమ్మే చోటు
వారసత్వం – పెద్దల నుంచి మనకు వచ్చినది
నిఘంటువు – మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం
అర్జీ – కోరిక రాసి ఇచ్చే కాగితం

ఆలోచించి చెప్పండి

1. పాత కొట్టుకు అరుగు ఎత్తుగా ఎందుకు కట్టారు?
2. సున్నపు గోడకు సిమెంటు పూస్తే ఏమవుతుంది?
3. మీ బజారులో ఏ కొట్టు పోతే మీకు లోటనిపిస్తుంది? ఎందుకు?

చేసి చూడండి

ఇద్దరిద్దరుగా బజారుకు వెళ్ళండి. ఒక పాత కొట్టు ఎంచుకోండి. గోడ మీద ఉన్న పేరు, సంవత్సరం నోటు పుస్తకంలో రాయండి. ఆ సంవత్సరాన్ని ఈ సంవత్సరంలోంచి తీసివేయండి. కొట్టు వయసు వస్తుంది. అందులో ముందు ఏం అమ్మేవారో, ఇప్పుడు ఏం అమ్ముతున్నారో అడిగి రాయండి. రాసినది కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.